పడమటి వరస

ఆ వేసవిలో మా ఒకటో నంబరు షెడ్డులో కోళ్ళు పెద్దగా చావలేదు. అనుమానించాల్సింది పోయి నేను మురిసిపోయాను.

అనపర్తి చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో రేకుల కప్పు కింద గుడ్ల కోళ్ళని బతికించుకోవడం తేలికైన పని కాదు. పడమటి ఎండ నేరుగా కొట్టే షెడ్డయితే మరీ కష్టం. మా ఒకటో షెడ్డు అలాంటిదే. రెండో షెడ్డుకి పడమట కొబ్బరితోట అడ్డం ఉంది. అయినా రెండిట్లో కలిపి ఎనిమిది వందల కోళ్ళుంటే, ఎండకి పోయినవి పదకొండే. హైదరాబాదులోని మా ఆఫీసుకి పంపే నివేదికలో ఆ సంగతి ప్రత్యేకంగా ఒక పేరా రాశాను. కప్పు మీద నీళ్ళు చిమ్మే పైపులు నేనే దగ్గరుండి అమర్పించాను కాబట్టి ఆ గొప్ప నాదేనని నా నమ్మకం.

నేను కోళ్ళ డాక్టర్ని. మా ఆవిడ సుభాషిణి నర్సు, రాజమండ్రిలో ఒక పెద్ద ఆస్పత్రిలో కోవిడ్ వార్డుకి ఇన్‌ఛార్జి. "మనుషుల డాక్టర్లు కూడా నేను చెబితే వింటారు. కోళ్ళ డాక్టరే వినడు" అని మా ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది.

ఆ ఏడాది వచ్చిన కొత్త రకం వైరస్‌కి పాత టీకాలు పనిచెయ్యలేదు. కొత్త టీకా రావడానికి ఇంకో ఏడాదైనా పడుతుందన్నారు. ఈలోగా వార్డుల్లో పనిచేసే వాళ్ళని ఎలా కాపాడాలన్నది ప్రశ్న. మా సంస్థ దగ్గర ఒక ఉపాయం ఉంది. వైరస్‌లోని ఒక ముక్కని, రోగం తేలేని ముక్కని, కోడికి సూదితో ఎక్కిస్తే దాని ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. కోడి వాటిని తనకొక్కదానికే ఉంచుకోదు. పుట్టబోయే పిల్లకి సద్ది కట్టి ఇచ్చినట్టు గుడ్డు పచ్చసొనలో కూడా పెడుతుంది. ఆ సద్ది మూట మేము విప్పుకుని, కొవ్వు తీసేసి, వడకట్టి, ముక్కులో వేసుకునే చుక్కలు తయారుచేశాం. వేసుకున్నాక పన్నెండు గంటలపాటు ముక్కులోకి వచ్చిన వైరస్‌ని అవి అక్కడే పట్టేస్తాయి. తరవాత కారిపోతాయి. ఒంట్లో ఏమీ మిగలదు.

చుక్కలు పనిచేస్తాయని రుజువు కావాలి కదా. ఒకటో షెడ్డు కోళ్ళకి నెలకోసారి వైరస్ ముక్క, రెండో షెడ్డు కోళ్ళకి ఉత్తి ఉప్పునీళ్ళు ఎక్కించాం. మూడు ఆస్పత్రుల్లోని మూడు వందల మంది నర్సులూ వార్డు పనివాళ్ళూ తమంతట తాము ముందుకొచ్చారు. సగం మందికి ఒకటో షెడ్డు గుడ్ల చుక్కలు, సగం మందికి రెండో షెడ్డువి. ఎవరి సీసా ఏదో వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. ఆ జాబితా హైదరాబాదులో లెక్కలు చూసే డాక్టర్ నౌషీన్ దగ్గర మాత్రమే ఉంది.

సుభాషిణి కూడా పేరిచ్చింది. ఆ రోజుల్లో ఆమె డ్యూటీ నించి వచ్చి, పెరటి గుమ్మంలోనే స్నానం చేసి, వరండాకి ఆ చివర కుర్చీ వేసుకు కూర్చునేది. నేను ఈ చివర. మధ్యలో పన్నెండు అడుగులు.

"మీ కోళ్ళు నన్ను నిలబెడతాయా?" అంది చుక్కలు వేసుకుని తల వెనక్కి వాల్చి.

"నిలబెట్టేవో, ఉప్పునీళ్ళవో ఎవరికి తెలుసు?"

"ఏవైనా నీచు వాసన మాత్రం బ్రహ్మాండంగా ఉంది."

జూన్ మొదటి వారంలో నౌషీన్ ఫోన్ చేసింది. ఎనిమిది వారాల్లో ఒక గుంపులో పదహారు మందికి సోకింది, రెండో గుంపులో పద్దెనిమిది మందికి. రెండిటికీ తేడా లేనట్టే. ప్రయోగాన్ని పైనించి చూసే కమిటీ దాన్ని ఆపెయ్యమంది.

"ఒక్క సంగతి మాత్రం నాకు అంతుపట్టడం లేదు డాక్టర్ గారూ" అందామె. "అవే వార్డుల్లో, మన ప్రయోగంలో లేనివాళ్ళు మూడు వందల మందిని తీసుకుంటే అరవై ఒక్క మందికి సోకింది. మనవాళ్ళలో ముప్ఫై నాలుగే. జాగ్రత్తపరులే ఇలాంటివాటికి పేరిస్తారు, అందుకే తక్కువ అంటోంది కమిటీ. అంత తేడానా?"

మర్నాడు ఫారానికి వెళ్ళి రెండో షెడ్డు గుడ్లు ఒక అట్ట పట్టుకొచ్చి పరీక్షించాను. ఉప్పునీళ్ళ కోళ్ళ గుడ్లలో యాంటీబాడీలు ఉండకూడదు. ఉన్నాయి. ఒకటో షెడ్డు గుడ్లలో ఎన్ని ఉన్నాయో ఇంచుమించు అన్నే ఉన్నాయి. యంత్రం చెడిపోయిందనుకుని మళ్ళీ చేశాను. చెడిపోలేదు.

ఆ రెండు షెడ్లూ చూసుకునేది పెంకె అప్పాయమ్మ. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్ళుగా గుడ్ల కోళ్ళ మధ్యనే ఉంది. ఆమె కింద ఇద్దరు ఆడవాళ్ళు పనిచేస్తారు. నేను వెళ్ళేసరికి మేత తొట్లు తుడుస్తోంది.

"అప్పాయమ్మా, గుడ్లు ఎక్కడో కలిసిపోయాయి" అన్నాను.

ఆమె గుడ్డ పక్కన పెట్టి నిలబడింది. "కలవలేదండి. ఒకటో షెడ్డుయి ఎర్రట్టల్లోకి, రెండో షెడ్డుయి తెల్లట్టల్లోకి. తమరు చెప్పిన కాణ్ణించి ఒక్క గుడ్డు అటూ ఇటూ అయితే ఒట్టండి."

"మరి రెండో షెడ్డు గుడ్లలో ఒకటో షెడ్డు మందు ఎలా వచ్చింది?"

"అది తమరికి తెలియాలండి" అంది. కాసేపు ఆలోచించి, "కోళ్ళు మార్చినందుకేవైనా అయ్యుంటాదాండి?" అని అడిగింది.

"కోళ్ళు మార్చడం ఏమిటి?"

"ఆయ్, పడమటి వరసండి. మద్దేనం రెండయ్యేసరికి ఎండ సూటిగా దాని మీదే కొడతాది. నోళ్ళు తెరుచుకుని రొప్పుతా ఉంటాయి. ఎప్పుడూ అయ్యే మాడాలాండి? అయ్యేం పాపం చేసుకున్నాయి? అందుకని ఉగాది ఎళ్ళిన కాణ్ణించి ఆదివారం ఆదివారం పొద్దున్నే మార్చేవోళ్ళం. పడమటి వరస రెండో షెడ్డుకి పోద్ది. దాని వెనకాల వరస పడమటికి జరుగుద్ది. రెండో షెడ్డులోంచి ఒక వరస ఇటొస్తాది. మొత్తం ఎనిమిది వరసలు కదండి, తలా ఒక వారం. ఒక వారం ఎండంటే ఏ కోడైనా ఓర్చుకుంటాదండి."

"ఎవరు చెప్పారు నీకు మార్చమని?"

"ఎవరు చెప్పాలండి? ఏ ఫారంలో చేసినా ఏసంగిలో అలాగే చేశాను. గుడ్లు కలపొద్దన్నారు, కలపలేదు. కోళ్ళ సంగతి తమరు చెప్పలేదు కదండి."

నిజంగానే చెప్పలేదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేశాను. కోళ్ళ కాళ్ళకి నంబర్ల రింగులు తొడగాల్సింది, పని తేలికవుతుందని బోనులకి నంబరు బిళ్ళలు కట్టించాను. నెల నెలా నా మనుషులు వచ్చి, ఆ రోజు ఒకటో షెడ్డులో ఏ కోళ్ళుంటే వాటికి మందెక్కించి వెళ్ళారు. ఏప్రిల్లో కొన్ని, మేలో కొన్ని. అలా వేసవి గడిచేసరికి మందు ముట్టని కోడి ఆ ఫారంలో లేదు. అంటే రెండు సీసాల్లోనూ మందుంది. ఉండాల్సిన దాంట్లో సగమో, అంతకు కొంచెం ఎక్కువో. మూడు వందల మందినీ ఆ సగం మందే కాచింది. నేను నా పైపుల గొప్ప అనుకున్నది ఈవిడ ఆదివారాల కష్టం.

నాకు కోపం రాలేదు. సిగ్గేసింది.

ఆ వారంలోనే నౌషీన్ కారు కట్టించుకుని హైదరాబాదు నించి వచ్చింది. అప్పాయమ్మని తీసెయ్యమని ఆఫీసు వాళ్ళు అప్పటికే ఉత్తరం పంపారు. తప్పు నాదని, రింగులు తొడగనిది నేనని, తీసేస్తే నన్నే తియ్యమని జవాబు రాశాను. తరవాత ఇద్దరమూ షెడ్డు అరుగు మీద కూర్చున్నాం. అప్పాయమ్మ కాస్త దూరంలో గుడ్లు ఏరుతోంది.

"మళ్ళీ మొదలుపెట్టాలి" అంది నౌషీన్. "ఈసారి రెండో షెడ్డుకి మందు తగలని కొత్త కోళ్ళు తెస్తాం. అంటే నూట యాభై మందికి ఈసారి నిజంగానే ఉత్తి చుక్కలు. పొరపాటు జరిగినన్నాళ్ళూ అందరికీ సగం రక్షణ ఉంది. మనం పొరపాటు దిద్దితే సగం మందికి అసలే ఉండదు."

"దిద్దకపోతే ఈ మందు ఎవరికీ రాదు" అన్నాను.

ఆమె అప్పాయమ్మ వైపే చూస్తోంది. "ఆవిడ చేసిందే మనమూ చేస్తే?" అంది. "చుక్కలు పన్నెండు గంటల్లో కారిపోతాయి, ఒంట్లో మిగలవు. టీకా అయితే కుదరదు గానీ దీనికి కుదురుతుంది. ఒక గుంపుకి కొన్నాళ్ళు అసలు చుక్కలు, కొన్నాళ్ళు ఉత్తివి. రెండో గుంపుకి అటుదిటు. ఎవరూ మొదటినించి చివరిదాకా ఎండలో ఉండరు. ఎవరిని వాళ్ళతోనే పోల్చుకోవచ్చు."

మా ఇద్దరికీ కలిపి ఎన్ని డిగ్రీలున్నాయో, ఆ ఆలోచన మాత్రం కోళ్ళ మేత తొట్లు తుడిచే మనిషి దగ్గర దొరికింది.

"వారం వారం మారుద్దామా?" అడిగింది నౌషీన్.

"సోకిన నాలుగు రోజులకి గానీ జ్వరం రాదు. వారం పెడితే ఏ వంతులో సోకిందో తేలదు. రోజూ పరీక్ష చేస్తే తేలుతుంది."

"రోజూ మూడు వందల కిట్లు దొరుకుతాయా?"

"ఈ పరిస్థితుల్లో ఎవరిస్తారు? రెండు వారాలకి మారుద్దాం" అన్నాను. ఆ మాట అనడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. ఆమె కాగితం మీద పద్నాలుగు అని రాసి చుట్టూ గీత గీసింది.

ఆ సాయంత్రం వరండాలో సుభాషిణికి అంతా చెప్పాను. కోళ్ళని వరసలు మార్చిన సంగతి విని పన్నెండు అడుగుల అవతల విరగబడి నవ్వింది. వార్డులో నవ్వడానికి ఏమీ ఉండేది కాదు, పాపం, అందుకేనేమో ఆగలేదు. ఆగాక, "మళ్ళీ పేరిస్తాను" అంది.

"అక్కర్లేదు. ఇప్పుడు నాకు తెలుసుగా ఏ గుడ్లు మంచివో. నీకు విడిగా చేసి ఇస్తాను. ప్రయోగం సంగతి ప్రయోగంది."

"మా వార్డు తుడిచే మంగాయమ్మకి కూడా చేసిస్తారా?"

నేను వీధి వైపు తల తిప్పుకున్నాను.

"నేను పేరిస్తేనే వాళ్ళిచ్చారండీ. మేడమ్ వేసుకుంటోంది కదా, మనమూ వేసుకుందాం అనుకున్నారు. ఇప్పుడు నేను పక్కకి తప్పుకుని ఇంటి చుక్కలు వేసుకుంటే ఆ మనిషి మొహం ఎలా చూడను?"

"తెలియనివ్వకు."

"మీకు కోళ్ళతో బాగా అలవాటైపోయింది" అంది. కోపంగా కాదు గానీ, ఆ మాటతో ఆ సంగతి అయిపోయింది.

అయినా నేను చేశాను. మందున్న గుడ్ల నించి ఒక సీసా తయారుచేసి, పేరు రాయకుండా ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాను. ఆమె చూసింది. అదేమిటని అడగలేదు, ముట్టుకోలేదు. పాలు తీసేటప్పుడు పక్కకి జరిపి, మళ్ళీ దాని చోటున పెట్టేది.

జులై మొదటి సోమవారం రెండో ప్రయోగం మొదలైంది. కోళ్ళకి కాళ్ళ రింగులు పడ్డాయి. పడమటి వైపు తాటాకు దడి కట్టించి, పెద్ద ఫ్యాన్లు పెట్టించాను. అప్పాయమ్మ వచ్చి దడిని చేత్తో తట్టి చూసి, "ఇది ముందే కట్టించుంటే మాకు ఆదివారాలు మిగిలేవి కదండి" అని వెళ్ళిపోయింది.

సుభాషిణికి మొదటి రెండు వారాలూ బాగానే గడిచాయి. సీసాలు మారాయి. ఆ రెండో వంతులో పన్నెండో రోజు పొద్దున్నే జ్వరం వచ్చింది. తానే పరీక్ష చేసుకుని, తానే ఫోన్ చేసి వార్డులో మంచం చెప్పుకుంది. ఆటోలాంటి చిన్న అంబులెన్సు ఎక్కుతూ నా వైపు చూసి, "నాది ఇప్పుడు పడమటి వరస అయ్యుంటుంది" అంది.

"అదేం కాదు. మందు వేసుకున్నా కొందరికి సోకుతుంది" అన్నాను.

"కోళ్ళ డాక్టరుకి అబద్ధం చెప్పడం కూడా రాదు."

ఆమె ఆ వార్డులోనే తొమ్మిది రోజులు ఉంది. అక్కడి నర్సులందరూ ఆమె పని నేర్పిన పిల్లలే. నాలుగో రోజుదాకా మంచం మీంచే వాళ్ళకి డ్యూటీ చార్టు చెప్పిందట. అయిదో రోజు నించి మాట్లాడలేకపోయింది. మంగాయమ్మ ఫోన్ పట్టుకుని చూపిస్తే, నేను ఏదేదో మాట్లాడేవాణ్ణి, ఎక్కువగా కోళ్ళ గురించే. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పోయింది.

నౌషీన్ ఫోన్ చేసి జాబితా విప్పి నా భార్యది ఏ వంతో చెప్పమంటే చెబుతానంది. వద్దన్నాను. విప్పితే లెక్క చెడుతుంది. లెక్క చెడితే ఆమె పోవడం ఉత్తినే అవుతుంది. అప్పుడు నాకు అలాగే తోచింది. ఇప్పుడూ అలాగే తోస్తుంది గానీ, ఆ ఫోన్ పెట్టేశాక నేను ఏడ్చిన ఏడుపు లెక్క కోసం కాదు.

ఆగస్టు ఆఖర్లో జాబితా విప్పారు. ఎనిమిది వారాల్లో మొత్తం ముప్ఫై ఎనిమిది మందికి సోకింది. అందులో ముప్ఫై మూడు మందికి ఉత్తి చుక్కల వంతులో, అయిదుగురికి అసలు చుక్కల వంతులో. కమిటీలో ఎవరూ ఎదురు మాట్లాడలేదు. నెల తిరక్కుండా అనుమతి వచ్చింది. గోదావరికి అటూ ఇటూ నలభై ఫారాల్లో మందెక్కించిన కోళ్ళని పెంచసాగారు. దీపావళినాటికి రాష్ట్రంలో చుక్కలు వేసుకోకుండా వార్డులోకి అడుగుపెట్టే నర్సు లేదు. మంగాయమ్మ కూడా రోజుకి రెండుసార్లు వేసుకుంటోంది. ఆమెకి ఇంతవరకూ సోకలేదు.

సుభాషిణి ఆ ముప్ఫై మూడు మందిలో ఒకతె. కాగితం మీద ఆమె నంబరు నూట పద్దెనిమిది. వంతు మారిన పన్నెండో రోజు జ్వరం. నాలుగు రోజులు వెనక్కి లెక్కపెట్టుకున్నాను. మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. ఇంటికెళ్ళి ఫ్రిజ్ తలుపు అరలోని సీసా తీసి సింకులో ఒంపేశాను. నీచు వాసన వంటింట్లో చాలాసేపు పోలేదు.

ఫలితం సంగతి అప్పాయమ్మకి ఎవరూ చెప్పి ఉండరని ఆ ఆదివారం పొద్దున ఫారానికి వెళ్ళాను. షెడ్డులో చల్లగా ఉంది. ఆమె రింగులున్న కోళ్ళకి మేత వేస్తోంది. నన్ను చూసి డబ్బా కింద పెట్టి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని దగ్గరికొచ్చింది. సుభాషిణి పోయాక నేను అక్కడికి వెళ్ళడం అదే మొదలు.

"మందు పనిచేసింది అప్పాయమ్మా. బాగా పనిచేసింది. నువ్వు కోళ్ళని మార్చినట్టే మనుషుల్ని మార్చాం. అందువల్లే ఎక్కువమంది పోలేదు."

"మంచిదండి" అంది. "అమ్మగారిది ఏ వరసండి?" అని అడిగింది.

"పడమటి వరసే."

"ఎన్నో రోజున తగులుకుందండి?"

"ఎనిమిదో రోజు."

"ఎనిమిదో రోజా అండి?" అని ఆమె నా మొహం వైపు చూసింది. అర్థంకాక అడిగినట్టే అడిగింది, దెప్పిపొడుపు లేదు. "అదేంటండి, నేనైతే వారానికే మార్చేసేదాన్ని కదండి."

కిట్లు దొరకవని చెప్పబోయి ఆగిపోయాను. దొరుకుతాయో లేదో నేను ఎవరినీ అడగలేదు.